ఐబెక్స్ తేలికని ఒప్పుకో

"ఐబెక్స్ తేలికని ఒప్పుకో. వెంటనే లాగేస్తాను."

ఛాతీ దాకా మంచులో కూరుకుపోయిన మనిషితో బేరాలాడటం ఏం మర్యాద చెప్పండి! కానీ విల్లా మెక్‌ఫీకి మర్యాద నేర్పింది వాళ్ళ నాన్న గస్ మెక్‌ఫీ. ఆయన మా నాన్నతో మాట్లాడి అప్పటికి అయిదేళ్ళు.

"చచ్చినా ఒప్పుకోను," అన్నాను.

"అయితే చావు," అంది హాయిగా. తన ఐబెక్స్ బండి సీటు మీద కాళ్ళు బారజాపుకుని, కోటు జేబులోంచి శాండ్‌విచ్ తీసింది.

నా కెస్ట్రెల్ బండి ఒక దేవదారు చెట్టు మొదట్లో ముక్కు కిందికి పెట్టి మునిగి ఉంది. పైనుంచి మంచు కురుస్తూనే ఉంది. విల్లా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. కనురెప్ప మీద ఒక మంచు రేకు వాలితే దాన్ని దులుపుకోకుండా నన్నే చూస్తోంది. చలికి నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా ఆ మంచు రేకు ఎప్పుడు కరుగుతుందా అని నేను చూస్తూ నిలబడ్డాను.

"ఏం శాండ్‌విచ్ అది?"

"టర్కీ కోడి."

"ఒక్క ముక్క..."

"ఒప్పుకుంటే రెండు ముక్కలు."

మా ఊరు స్టిల్ ఫోర్క్‌లో ఉన్నది ఒకటే వీధి. దానికి పడమటి చివర మా షాపు. ఎక్లండ్ అండ్ సన్, కెస్ట్రెల్ స్లెడ్‌లు అమ్ముతాం. తూర్పు చివర మెక్‌ఫీల షాపు. వాళ్ళవి ఐబెక్స్ స్లెడ్‌లు. మంచు కొండలెక్కే మోటారు బండ్లలో ఈ రెండింటికీ ఎప్పుడూ పోటీయే. మెత్తటి మంచులో తేలికబండి తేలుతుంది, బరువుబండి మునుగుతుంది. ఆ రోజు మునిగింది నాది కాబట్టి ఆ సంగతి ఎక్కువ మాట్లాడను.

శాండ్‌విచ్ అయిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. నేను ఒప్పుకోలేదు.

"నీలాంటి మొండివాణ్ణి నేను చూళ్ళేదు, డేన్."

"అద్దం చూసుకోవా నువ్వు?"

ఆమె నవ్వాపుకోలేకపోయింది. "నా కాళ్ళు గడ్డకడుతున్నాయి, అందుకు లాగుతున్నాను. నీమీద జాలితో కాదు," అని తాడు విసిరింది. నా బండి ముందు భాగానికి తాడు కట్టి, ఐబెక్స్‌ని ఒక్క ఊపులో ముందుకు దూకించింది. కెస్ట్రెల్ బయటికొచ్చింది. నేను కూడా ఎలాగో బయటపడ్డాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా అమ్మ పెట్టిన సూపు తాగుతూ ఉప్పు వేసుకున్నానో లేదో గుర్తులేక మూడుసార్లు వేసుకున్నాను. ప్రేమే, ఇంకేం కాదు. దాచుకోవడానికి ఏముంది?

ఆ చలికాలమంతా కొండ మీద, ఊరి కంటికి దూరంగా కలుసుకున్నాం. పోట్లాడుకున్నాం, ఎక్కువగా బరువుల గురించే. ఎండాకాలం వచ్చింది. మంచు కరిగింది, మా సంగతి మాత్రం ముదిరింది. పెళ్ళి మాట ఎత్తుదామని నేననుకున్నప్పుడల్లా ఆమే ఆపింది.

"తూకం రోజు అయిపోనీ," అనేది.

తూకం రోజు గురించి చెప్పాలి. కంపెనీలు పుస్తకాల్లో అచ్చేసే బరువు వేరు, బండి అసలు బరువు వేరు. వాళ్ళు పెట్రోలు లేకుండా, ఆయిల్ లేకుండా, నీళ్ళు లేకుండా తూస్తారు. మనిషిని తూచి, రక్తం లెక్కలో రాదన్నట్టు ఉంటుంది. అలాంటి బండితో కొండ ఎవరెక్కుతారు? అందుకని ఏటా తొలి పెద్ద మంచు పడగానే, మా ఊరి ఫైర్ స్టేషన్‌లో కొత్త బండ్లకి నిండు ట్యాంకుతో, పార, తాడు, స్పేర్ బెల్టుతో సహా తూకం వేస్తారు. పైకప్పు దూలానికి గొలుసు, గొలుసుకి కొక్కెం, కొక్కేనికి వేటాడిన ఎల్క్ దుప్పుల్ని తూచే కాటా. గోడ మీద ఎర్రటి అంకెలు. గెలిచిన బండి పేరు పలక మీద ఏడాదంతా ఉంటుంది. ఎవరి షాపులో తూచినా రెండోవాళ్ళు నమ్మరు కాబట్టి ఆ ఒక్క తూకమే తూకం.

ఆరేళ్ళ కిందట మా కెస్ట్రెల్ నాలుగు పౌండ్లు తక్కువ తూగింది. ట్యాంకు నిండలేదని గస్ అన్నాడు. నువ్వే మూత తీసి తాగి చూడమని మా నాన్న స్వెన్ ఎక్లండ్ అన్నాడు. అక్కడితో మాటలు బంద్. ఆ తర్వాత ప్రతి ఏడూ మేమే గెలిచాం, అదీ ఒకటో రెండో పౌండ్ల తేడాతో.

ఈసారి తూకానికి వారం ముందు, ఆమె పికప్ ట్రక్కులో కూర్చుని కాఫీ తాగుతున్నాం. అద్దాల మీద మంచు పేరుకుని బయట ఏమీ కనబడటం లేదు.

"ఈసారీ ఓడిపోతే షాపు మూసేసి అలాస్కాలో మా బాబాయి దగ్గరికి వెళ్ళిపోతానంటున్నాడు నాన్న," అంది.

"మరి నువ్వు?"

"ఒక్కడినీ ఎలా పంపుతాను? ఆయనకి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు."

అలాస్కా ఎంత దూరమో నాకు తెలుసు. పైకి మాత్రం పోటీగా మాట్లాడటమే అలవాటు కదా. "మా నాన్న ఏమన్నాడో తెలుసా? ఆ మెక్‌ఫీ గనక గెలిస్తే, వాళ్ళ ఇంటి పురుగుని కూడా నా గడప తొక్కనివ్వను అన్నాడు," అన్నాను.

విల్లా కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయింది.

"ఏం ఆలోచిస్తున్నావ్?"

"ఏం లేదు. నువ్వు?"

"నేనూ ఏం లేదు."

నేను ఆలోచిస్తున్నది ఒకటే. గస్ గెలవాలి. అంటే మేం ఓడిపోవాలి.

తూకానికి ముందు రోజు సాయంత్రం మా నాన్న తపాలా ఆఫీసుకి వెళ్ళిన సమయం చూసి, కెస్ట్రెల్ ఇంజను కింద తొట్టిలా ఉండే భాగానికి ఉన్న రంధ్రాలన్నీ టేపుతో మూశాను. బకెట్టున్నర నీళ్ళు పోశాను. బండిని షెడ్డు బయట చలికి వదిలేశాను. పొద్దున్నకి నీళ్ళు రాయిలా బిగిశాయి. పైన మూత వేసేస్తే దేవుడికి కూడా తెలియదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఐసు కరుగుతుందన్న ముక్క మాత్రం నాకు తట్టలేదు. మంచులో పుట్టి మంచులో పెరిగినవాణ్ణి, దాన్ని కరిగించుకోవడం నాకెప్పుడూ కష్టంగానే ఉండేది మరి.

శనివారం ఊరంతా ఫైర్ స్టేషన్‌లో ఉంది. బయట గాలి కోస్తోందని పెద్ద తలుపులు మూసేశారు. హీటర్లు రెండు, వంద మంది జనం, మూలన పొయ్యి మీద బీన్సూ మాంసమూ కుతకుత ఉడుకుతున్న చిల్లీ గిన్నె. లోపల చొక్కాలు విప్పుకునేంత వేడి. నాకు చెమటలు పట్టాయి. అప్పటికీ నాకు అర్థం కాలేదు.

తూకం వేసేది ఫైర్ చీఫ్ ఇర్మా పెల్టియర్. ట్యాంకుల్లోకి టార్చి వేసి చూసింది. పారలు, తాళ్ళు లెక్కపెట్టింది. బరువు తగ్గించే దొంగతనాలన్నీ ఆవిడకి కొట్టినపిండి. తన బండి బరువు తనే పెంచుకునే దొంగ ఉంటాడని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

ముందు కెస్ట్రెల్‌ని కొక్కేనికి తగిలించారు. గొలుసు కిర్రుమంది. బండి గాల్లోకి లేచింది. ఎర్ర అంకెలు అటూ ఇటూ పరిగెత్తి ఆగాయి.

అయిదు వందల డెబ్భై మూడు.

నిరుటికంటే ముప్ఫై పౌండ్లు ఎక్కువ. మా నాన్న ముఖం చూడలేక నేను చిల్లీ గిన్నె వైపు చూశాను.

"స్వెన్, నీ బండికి ఏమన్నా నెలలు నిండాయా?" అని ఎవరో వెనకనుంచి అరిచారు. జనం గొల్లుమన్నారు. గస్ మెక్‌ఫీ టోపీ తీసి చంకలో పెట్టుకుని, పెళ్ళికొడుకులా ముందుకొచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అలాస్కా లేదు, గిలాస్కా లేదు. విల్లా వైపు చూసి కన్ను కొట్టాను.

విల్లా మాత్రం మొహం పాలిపోయి కెస్ట్రెల్ వైపే చూస్తోంది.

ఐబెక్స్‌ని తగిలించారు. లేపారు. అంకెలు ఆగాయి.

అయిదు వందల ఎనభై ఒకటి. ఇదీ నిరుటికంటే ముప్ఫై పౌండ్లకి పైనే ఎక్కువ.

"కాటా చెడిపోయింది!" అన్నాడు గస్.

"కాటా చెడిపోయింది!" అన్నాడు మా నాన్న.

ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకే మాట అనడం అదే మొదలు. ఇర్మా తనే కొక్కెం పట్టుకుని వేలాడి చూసింది. తన బరువు చూసి పళ్ళు నూరింది. "కాటా బాగానే ఉంది. దురదృష్టం," అని దిగింది. "కెస్ట్రెల్‌ని మళ్ళీ ఎక్కించండి."

ఎక్కించారు. అయిదు వందల అరవై తొమ్మిది.

"చూశావా! తప్పు చూపిస్తోంది!" అన్నాడు గస్.

అయిదు వందల అరవై ఎనిమిది. అరవై ఏడు.

"నాన్నా, తలుపు తీద్దామా? ఉక్కగా ఉంది," అన్నాను.

ఎవరూ నన్ను పట్టించుకోలేదు. ఊరంతా నోళ్ళు తెరుచుకుని అంకెల్నే చూస్తోంది. అరవై అయిదు. అరవై మూడు. బండి అందరి కళ్ళ ముందే చిక్కిపోతోంది. "ఏం తింటోందో కనుక్కో, నాకూ పనికొస్తుంది," అంది ఇర్మా. ఇంతలో టేపు ఊడింది. బండి కిందనుంచి నీళ్ళు సన్నటి ధారగా మొదలై, బడబడా నేల మీద పడ్డాయి. వెనకే చేటంత ఐసు ముక్క ఒకటి జారి మా నాన్న బూటు పక్కన పగిలింది.

మా నాన్న ఆ ముక్కని చూశాడు. గస్‌ని చూశాడు. "నా బండిలో నీళ్ళు పోస్తావురా, దొంగ సచ్చినోడా!"

"నేనా? నీ షెడ్డు దరిదాపుల్లోకి నేనెప్పుడొచ్చాను? నువ్వే..."

ఏమనబోయాడో తెలియదు. అప్పటిదాకా మూలన నిద్రపోతున్న స్టేషన్ కుక్క బిస్కట్ లేచి, ముక్కు ఎగబీలుస్తూ ఐబెక్స్ దగ్గరికి వెళ్ళింది. సీటు కింద తల దూర్చింది. వెనక్కి వెనక్కి నడుస్తూ, కాగితంలో చుట్టిన పెద్ద పొట్లం ఒకటి లాగింది. ఇర్మా దాన్ని అందుకుని విప్పింది. ఎల్క్ మాంసం. సగం కరిగి, సగం గడ్డకట్టి ఉంది. ఆవిడ సీటు ఎత్తింది. అడుగున ఇంకా నాలుగు పొట్లాలు.

"నా బండిలో మాంసం పెడతావురా!" అని గస్ కేక. "తుచ్ఛుడా! అదీ తొడ మాంసం!"

"నీ బండికి తొడ మాంసం పెట్టడానికి నాకేమన్నా పిచ్చా? పెడితే గిట్టలు పెడతాను!"

ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. పెద్దమనుషులు, ఒక్కొక్కరికీ అరవై దాటాయి. "నాకీ ఊరొద్దు! విల్లా, సామాను సర్దు! అలాస్కా!" అన్నాడు గస్.

ఆ మాట వినేసరికి నా కాళ్ళు వాటంతటవే కదిలాయి. వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాను. "నీళ్ళు పోసింది నేను."

మా నాన్న గస్ చొక్కా వదలకుండానే నా వైపు తిరిగాడు.

"ఏరా?" అన్నాడు మా నాన్న. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"గస్ గారు గెలవాలని పోశాను నాన్నా. ఓడిపోతే ఆయన విల్లాని అలాస్కా తీసుకెళ్ళిపోతారు. ఆమె వెళ్ళిపోతే నేను బతకలేను. స్లెడ్ లేకపోయినా బతుకుతాను గానీ, ఆమె లేకుండా నావల్ల కాదు."

మా ఊళ్ళో మనిషి స్లెడ్ లేకుండా బతుకుతాననడం మామూలు మాట కాదు. వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు.

"మాంసం పెట్టింది నేను," అంది విల్లా.

ఆమె ముందుకొచ్చింది. చెంపలు ఎర్రబడ్డాయి. కోపమో సిగ్గో చెప్పలేను, రెండూ కావచ్చు. "మేం గెలిస్తే నన్ను గడప తొక్కనివ్వనని స్వెన్ గారు అన్నారట. అందుకని మేం ఓడిపోవాలనుకున్నాను."

"ఓడితే అలాస్కా వెళ్ళాలి కదా పిచ్చిదానా!" అన్నాను.

"అలాస్కాయా?" విల్లా నన్ను ఎగాదిగా చూసింది. "మా నాన్న నేను పుట్టకముందు నుంచీ అలాస్కా వెళుతున్నాడు. సామాను కట్టిన ప్రతిసారీ పెట్రోలు బంకు దాకా వెళ్ళి, ఒక డోనట్ తిని వెనక్కొస్తాడు. నువ్వది నమ్మావా?"

జనం ఒక్కసారిగా నవ్వారు. గస్ టోపీ నెత్తిన పెట్టుకుని కళ్ళ మీదికి లాక్కున్నాడు.

"మరి నువ్వు మా నాన్న మాట నమ్మావా? ఆయన గడప తొక్కనివ్వనన్న వాళ్ళందరూ ఆదివారం మా ఇంట్లోనే భోంచేస్తారు! మొన్న పిల్లిని కూడా అన్నాడు. అది ఆయన ఒళ్ళోనే పడుకుంటుంది!"

"అలాంటప్పుడు నాతో ఎందుకు చెప్పావ్?"

"నువ్వెందుకు చెప్పావ్?"

"నువ్వు భయపడి వెళ్ళొద్దంటావేమోనని!"

అనేసి విల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఊరంతా వినేసింది. నాకు చెవుల దాకా వేడెక్కింది, ఈసారి హీటర్ల తప్పేం లేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి ఎల్క్ మాంసం వాసన వేస్తోంది. అంతకన్నా మంచి వాసన నేనెరగను.

మా నాన్నా గస్సూ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఒకరి చొక్కా ఒకరు ఇంకా పట్టుకునే ఉన్నారు గానీ, ఆ సంగతి మరిచిపోయారు.

"నా కూతురు నా బండినే లావు చేసింది," అన్నాడు గస్.

"నా కొడుకు నా బండిలో నీళ్ళు పోశాడు," అన్నాడు మా నాన్న.

"పిల్లల్ని కనడమే తప్పయింది."

"ముమ్మాటికీ."

కాసేపు ఇద్దరూ తలలు ఊపుకున్నారు. తర్వాత గస్ మెల్లిగా అడిగాడు. "ఐసు తీసేస్తే నీది ఎంతుంటుందంటావ్?"

"నీ దానికన్నా రెండు తక్కువ."

"నీ మొహం. తొడ మాంసం తీసెయ్, అప్పుడు మాట్లాడు."

"ఆపండి!" అంది ఇర్మా. "మాంసం చిల్లీలోకి పోతుంది. ఈ ఏడాది బండ్లకి విడివిడిగా తూకం లేదు. అర్థమైందా? లేకపోతే ఈ పిల్లల పెళ్ళి కూడా మీరిద్దరూ కాటా మీదే చేస్తారు." ఆవిడ ఆగింది. ఏదో మంచి ఆలోచన వచ్చినప్పుడు ఆవిడ చేతులు నడుం మీదికి పోతాయి. "అసలు బరువంటే కొండెక్కేటప్పటి బరువే కదా? కొండెక్కేది వట్టి బండి కాదు. డేన్, విల్లా, ఎక్కండి. పలక మీద ఆ అంకే రాస్తాను."

"కెస్ట్రెల్ ఎక్కండి!" అన్నాడు మా నాన్న.

"ఐబెక్స్!" అన్నాడు గస్.

విల్లా అప్పటికే ఐబెక్స్ ఎక్కేసింది. వెనక సీటు మీద చేత్తో తట్టి, నా వైపు చూసింది. నేను మా నాన్న వైపు చూశాను. పుట్టి బుద్ధెరిగాక ఐబెక్స్ మీద కూర్చున్న పాపాన పోలేదు నేను. ఆయన కప్పు దూలాల వంక చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ఎక్కరా. కొండ మీద అది మునిగితే, లాగడానికి నా కెస్ట్రెల్ వస్తుంది."

మా నాన్న ఎవరినీ దీవించగా నేను చూడలేదు. అందుకే ఆ మాట అర్థం చేసుకోవడానికి నాకు రెండు క్షణాలు పట్టింది. పరిగెత్తి ఎక్కాను.

ఇర్మా గొలుసు లాగించింది. ఐబెక్స్ మమ్మల్ని మోసుకుని గాల్లోకి లేచింది. మెల్లగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. నేను విల్లా నడుం గట్టిగా పట్టుకున్నాను. కింద జనం, చిల్లీ ఆవిరి, మాంసం ముక్క దొరికిన ఆనందంలో ఉన్న బిస్కట్. గోడ మీద ఎర్ర అంకెలు ఎనిమిది వందల డెబ్భై ఒకటి దగ్గర ఆగాయి. మా ఊరి కాటా మీద అంత బరువైన స్లెడ్ ఎప్పుడూ తూగలేదు.

విల్లా తల వెనక్కి తిప్పింది. "కిందటేడు ఒక మాట అడిగాను. జవాబు చెప్పలేదు."

నేను ఆమె చెవి దగ్గరికి వంగాను. "ఐబెక్స్ తేలికే," అన్నాను.

"వినపడలేదు."

"ఐబెక్స్ తేలిక!" అని ఊరంతా వినేలా అరిచాను.

"దింపండి వాణ్ణి!" అని కిందనుంచి మా నాన్న కేక. గస్ మా నాన్న భుజం మీద పడి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు. నేను మాత్రం దిగే తొందరలో లేను. ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది. తర్వాత జరిగింది వంద మంది చూశారు కాబట్టి మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఏప్రిల్‌లో పెళ్ళయింది. ఎనిమిది వందల డెబ్భై ఒకటిలోంచి మా ఇద్దరి బరువూ తీసేస్తే ఐబెక్స్ అసలు బరువు తేలిపోతుందని మా నాన్నకీ మామగారికీ ఒకేసారి తట్టింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఇద్దరూ కలిసే మా ఇంటికొస్తారు. అల్లుడు కాస్త చిక్కాడని ఒకరు, కోడలు కాస్త ఒళ్ళు చేసిందని ఇంకొకరు. మేం మా బరువు ఎవరికీ చెప్పం. అడిగితే ఒక్కోసారి ఒక్కో అంకె చెబుతాం.

పెళ్ళికి వాళ్ళిద్దరూ కలిసి కొన్న కానుక ఒకటే. స్నానాల గదిలో పెట్టుకునే కాటా, చాలా మంచి రకం. దాని పెట్టె మేమింకా విప్పలేదు.